బాగ్‌లో ఇంకో జాగ

చేవెళ్ల,
సోమవారం మధ్యాహ్నం

కరుణక్కా,

వికారాబాద్‌లో మీ ఇంటిల్లిపాదికీ నా వందనాలు. ఉత్తరం మాత్రం నీ ఒక్కదానికే. చేతిలో ఫోను పెట్టుకుని ఈ కాలంలో ఉత్తరమేమిటని నీ కోడలు నవ్వుతుంది, నవ్వనీ. నీ ఫోను మోగితే ముందు మనవడు తీస్తాడు, తర్వాత కోడలు స్పీకరు పెడుతుంది, పక్క గదిలోంచి బావ "ఎవరూ, కృపనా?" అంటాడు, ఆఖరికి నువ్వొస్తావు. అప్పటికి నేను చెప్పాలనుకున్నది సగం మరిచిపోతాను, మిగతా సగం అందరి ముందూ చెప్పలేను. అందుకని పిల్లలు బడికి పోయిన వేళ చూసి హాస్టల్ వరండాలో కూర్చుని రాస్తున్నాను.

నిన్న చర్చిలో మా మొదటి ప్రకటన చదివారు. పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు పేర్లు చదవడం నీకు తెలియనిదేమీ కాదు. నీ పెళ్ళి ప్రకటన చదివిన రోజు నేను నాన్న కండువాలో మొహం దాచుకుని నవ్వాను. నిన్న నావంతు. పాస్టరయ్య కళ్ళద్దాలు సవరించుకుని, "ముడిమ్యాల స్వామిదాసు గారి కుమారుడు, భార్య గతించిన జయరాజ్‌కును, చేవెళ్ల సంఘ సభ్యురాలు, అవివాహిత అయిన కృపాజ్యోతికిని వివాహము నిశ్చయమైనది. ఎవరికైనను అభ్యంతరము ఉన్నయెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన" అని చదివి, తలెత్తి అందరినీ ఒకసారి చూశారు. ఇంత వయసు వచ్చాక అవివాహిత అని మైకులో వినడం కూడా ఒక అనుభవమే. మా హాస్టల్ పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుని కిసుక్కుమన్నారు. వాళ్ళ సంగతి సాయంత్రం ఉప్మాలో పల్లీలు వేయకుండా తేల్చుకున్నాను.

అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసి ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. కానీ పాస్టరయ్య ఆగిన ఆ కాసేపూ నా చూపంతా మగవాళ్ళ వైపు, తాత పక్కన కూర్చున్న జయరాజ్ గారి కూతురు అనూహ్య మీదే ఉంది. తల్లి స్వరూప పోయినప్పటి నుంచి ఆ పిల్ల తాత పక్కనే కూర్చుంటుంది. ఆరో తరగతి చదువుతోంది, మాట తక్కువ, చూపు ఎక్కువ. ఈ సంబంధం తెచ్చినప్పుడు నువ్వేమన్నావు? "నూరు మంది ఆడపిల్లల్ని సాకేదానివి, ఒక్క పిల్ల నీకో లెక్కా" అన్నావు. నేనూ అలాగే అనుకున్నాను.

ప్రకటనలు చదివే మూడు వారాలూ ఆదివారం మధ్యాహ్నం ఎటైనా వెళ్దామని జయరాజ్ గారు అన్నారు. "పిల్లకు మీరు జర అలవాటైతరు మేడమ్" అన్నారు. పెళ్ళి కుదిరినా తండ్రీకూతుళ్ళిద్దరికీ నేను ఇంకా మేడమ్‌నే, ఏం చేస్తాం. రోజూ తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చామంతులు మోసే ట్రాలీ ఆటోను కడిగి తెచ్చారు. ముందు ఆయన, నేను, ఇద్దరి మధ్య అనూహ్య. వెనక ట్రాలీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కడ్డీ పట్టుకుని స్వామిదాసు మామ. మొయినాబాద్‌లో సిగ్నలు దగ్గర ఆగితే జనం ముందు మామను చూసి, తర్వాత నన్ను చూశారు.

వెళ్ళింది గండిపేటకు. కొత్తగా టికెట్టు పెట్టి, దీపాలూ ఫౌంటెన్లూ పెట్టి కట్టిన పార్కుకు కాదు, కట్ట పక్కన నిజాం నాటి నుంచి ఉన్న పాత తోటకు. అక్కా, ఎంత హాయిగా ఉందనుకున్నావు. చుట్టూ అపార్టుమెంట్లు ఎంత ఎత్తున లేచినా, లోపలికి అడుగు పెట్టాక ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. అరిగిపోయిన రాతి మెట్లు, ఎవరు నాటారో ఎప్పుడు నాటారో తెలియని పెద్ద చెట్లు, కట్ట మీది నుంచి తడిగాలి. నేను పదేళ్ళుగా పిల్లల్ని వరసలో నిలబెట్టి పిక్నిక్కులకు తీసుకుపోతున్నాను కానీ, వరస లేకుండా చెట్లకింద నడవడం నిన్ననే. ఎవరూ తప్పిపోలేదా అని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను.

మామ సంగతి చెప్పాలి. బంతిపూల మడి ముందు నిలబడి కదలలేదు. పూలు పండించి బతికే ఆయన లెక్కలో సూర్యుడొచ్చేలోగా తెంపని పువ్వు దండగ. "పూసిన పువ్వు పూసినట్టే ఉన్నది బిడ్డా. తెంపరు, అమ్మరు. ఇగ ఎందుకు ఏసిండ్రు?" అని నన్నడిగాడు. చూడ్డానికి మామా అన్నాను. ఆయనకు నచ్చలేదు. మేము నాలుగడుగులు వేసి తిరిగి చూసేసరికి కండువా నడుముకు చుట్టుకుని రెండు చేతులా తెంపుతున్నాడు. వాచ్‌మన్ కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "తెంపకపోతే కొత్త మొగ్గ ఎట్లొస్తది?" అని మామ అతన్నే అడిగాడు. "మొగ్గ సంగతి నేను చూసుకుంట తాతా, నువ్వు ముందుగాల కండువ ఇప్పు" అన్నాడు అతను. ఒడినిండా పూలు మడిలోనే గుమ్మరించి వచ్చాడు మామ. అనూహ్య నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూడడం నాకు అదే మొదటిసారి.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. జయరాజ్ గారు మమ్మల్ని నేరుగా ఒక రాతి బెంచీ దగ్గరికి తీసుకుపోయారు. "ఈడ కూసోండి మేడమ్. స్వరూపకు ఈ బెంచే మస్తు ఇష్టం. ఎప్పుడొచ్చినా ఈడ్నే కూసునేది" అన్నారు, కండువాతో దాని మీది దుమ్ము దులుపుతూ. నేను కూర్చోబోతుంటే అనూహ్య అడ్డం వచ్చింది. "ఈడ చీమలున్నయి. మీరు ఆడికి పోండి మేడమ్" అని దూరంగా ఒక చింతచెట్టు వైపు చెయ్యి చూపించింది. నేను బెంచీ అంతా చూశాను. ఒక్క చీమ లేదు. అర్థమైంది అనుకుని, సంచీ తీసుకుని దూరంగా పోయి మెట్ల మీద కూర్చున్నాను. నేను తెచ్చిన పులిహోర అందరం తలా ఒక చోట తిన్నాం.

చిన్నపిల్ల, తల్లిని మరవలేదు, దానికేం అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నది ఇంకా మనసుకు పట్టలేదు, అంతే. వచ్చే ఆదివారం సంగతి మళ్ళీ రాస్తాను. మోకాళ్ళ నొప్పులకు నూనె రాసుకుంటున్నావా?

నీ చెల్లెలు,
కృప


చేవెళ్ల,
సోమవారం

అక్కా,

ఈ ఉత్తరం చదివి కోప్పడకు. సంబంధం తెచ్చిన దానివి నువ్వు కాబట్టి ముందు నీకే చెప్తున్నాను. శనివారం సాయంత్రం పాస్టరయ్య ఇంటికి వెళ్ళి, మూడో ప్రకటన చదవొద్దని చెప్పాలనుకుంటున్నాను.

ఏం జరిగిందో వరసగా చెప్తాను. నిన్న రెండో ప్రకటన అయింది. ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం నాంపల్లి బాగే ఆంకు వెళ్ళాం. మన చిన్నప్పుడు నాన్న ఈస్టరు మర్నాడు తీసుకుపోయేవాడు, పబ్లిక్ గార్డెన్ అంటే కోప్పడి బాగే ఆం అనమనేవాడు, గుర్తుందా? గేటు అలాగే ఉంది. లోపల ఆ తెల్లటి పాత కట్టడాలు, గుండ్రంగా తిరిగే దారులు, ఎండ కిందికి దిగకుండా అడ్డుపడే చెట్లు. చాపలు పరుచుకుని కుటుంబాలు కూర్చున్నాయి. బుర్ఖా వేసుకున్న ఒక పెద్దావిడ మనవడికి ఉడికించిన గుడ్డు ఒలిచి పెడుతోంది, చెట్టు మొదట్లో ఇద్దరు ముసలివాళ్ళు ఒకే పేపరు చెరో పక్క చదువుతున్నారు. బయట అంత ట్రాఫిక్, లోపల ఎవరికీ ఎక్కడికీ పోయే పని లేదు. నాకు ప్రాణం లేచివచ్చింది. వచ్చే ఏడు హాస్టల్ పిల్లల్ని ఇక్కడికే తేవాలని కూడా అనుకున్నాను.

మ్యూజియంలో మమ్మీని చూశాం. అద్దాల పెట్టెలో గుడ్డలు చుట్టి పడుకోబెట్టిన ఆ మనిషిని చూసి స్వామిదాసు మామ బయటికి వెళ్ళి చెప్పులు విడిచి వచ్చాడు. ఏదో దేశపు రాజకుమార్తె అట మామా, వేల ఏళ్ళ కిందట పోయిందట అన్నాను. "ఎవరి బిడ్డనో ఏమో. ఊరు గాని ఊర్ల పండవెట్టిండ్రు" అని కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. వెనక ఉన్నవాళ్ళు జరగండి జరగండి అంటున్నా ఆమెన్ అనేదాకా కదల్లేదు. అనూహ్య నా పక్కకు వచ్చి, "మేడమ్, ఆమెకు గిదంతా తెలుస్తదా?" అని గుసగుసగా అడిగింది. తెలియదు అన్నాను. "తెల్వకపోతేనే మంచిది" అంది. దానంతట అది నాతో మాట్లాడింది. నేను పొంగిపోయాను. ఇక ఫరవాలేదు అనుకున్నాను.

తర్వాత తామరల కొలను దగ్గరికి పోయాం. దారిలో ప్రతి మలుపులో జయరాజ్ గారు ఒక దిక్కు వెళ్తే, ఈ పిల్ల "మేడమ్, గిటు దిక్కు పోదాం" అని నన్ను ఇంకో దిక్కు లాగింది. ఎండ అంది, కుక్క అంది, అక్కడ వాసన వస్తది అంది. కొలను దగ్గర ఆయన ఫోను తీసి, "ఇగో ఈ మెట్టు మీద కూసోండి మేడమ్, వెనక తామరపూలు వస్తయి. స్వరూప ఫోటో గీడ్నే తీసిన" అన్నారు. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చోబోయాను.

"మీరు ఆడ కూసోవద్దు" అంది అనూహ్య.

అరవలేదు. ఏడవలేదు. చాలా మామూలుగా, అందరికీ వినబడేలా అంది. నేను సగం వంగినదాన్ని సగంలోనే లేచాను. జయరాజ్ గారు "ఏం మాటలే అవి" అని పిల్లను గదమాయించారు. మామ కొలనులోకి చూస్తూ ఉండిపోయాడు. ఫోటో తీయలేదు. నేరుగా ట్రాలీ ఎక్కి వచ్చేశాం.

రాత్రంతా కాదు కానీ, ఈ పొద్దున పిల్లల జడలు చూస్తూ చాలాసేపు ఆలోచించాను. చర్చిలో పాస్టరయ్య అడిగేది ఏమిటి? ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని. ఒక మనిషి చెప్పింది. చర్చిలో చెప్పకపోతే మాత్రం అది అభ్యంతరం కాకుండా పోతుందా? పైగా చెప్పింది ఈ పెళ్ళిలో నా తర్వాత ఎక్కువ సంబంధం ఉన్న మనిషి. దాన్ని కాదని ఆ ఇంట్లో అడుగుపెడితే రోజూ పొద్దున లేచి ఆ పిల్ల మొహం నేనెలా చూడను?

ఇంకొకటి కూడా ఉంది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను. ఆ మాట అన్నప్పుడు నాకు బాధ కలిగింది నిజమే కానీ, దాని వెనకే కొంచెం హాయి కూడా కలిగింది. ఆ మెట్టు మీద కూర్చోవడం నాకూ ఇష్టం లేదు. గండిపేట బెంచీ మీద కూడా లేదు. పులిహోర తెమ్మన్నారు, ఎందుకంటే ఆమె తెచ్చేది. పచ్చచీర కట్టుకోమన్నారు, ఎందుకంటే తోటలో పచ్చ బాగుంటుందని ఆమె అనేదట. ఆయన మంచి మనిషి అక్కా, ఒక్క మాట చెడ్డగా అనలేదు. కానీ ఇంత కాలం నాకంటూ ఒక గది, ఒక కంచం, ఒక పేరు పెట్టుకుని బతికినదాన్ని. ఇంకొకరు లేచిపోయిన చోట, ఆ వెచ్చదనం చల్లారకముందే, కూర్చోవడం నాకు చేతకాదు. చనిపోయిన మనిషి మీద నాకు అసూయ అని అనుకుంటావేమో. అసూయ కాదు. ఆమె మీద నాకు గౌరవం, అందుకే కూర్చోలేను. ఈ మాట ఆయనతో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆ పిల్ల నోటితో వచ్చింది కాబట్టి దాన్ని సాకుగా పట్టుకుని తప్పుకుంటున్నాను. నువ్వు నన్ను క్షమించాలి.

కృప


వికారాబాద్,
బుధవారం

చెల్లీ,

నీ ఉత్తరం అందిన గంటకే రాస్తున్నాను, మా వీధిలో పోస్టు డబ్బా తీసే వేళయింది. నీ కవరు చూసి కోడలు "ఏముందత్తమ్మా" అంది. ఆవకాయ కొలతలు అని చెప్పాను. నవంబరులో ఆవకాయ ఏమిటని అది ఇంకా ఆలోచిస్తోంది.

సంబంధం తెచ్చింది నేనని మొహమాటపడకు. వద్దనుకుంటే వద్దను. నలుగురి నోళ్ళకూ నేను జవాబు చెప్తాను, నా నోరు నీకు తెలుసు కదా. ఒక్కటి మాత్రం విను. చర్చిలో ఎవరైనా లేచి అభ్యంతరం ఉందంటే పాస్టరు ఏం చేస్తాడు? సరేనమ్మా అని పుస్తకం మూసేస్తాడా? కారణం అడుగుతాడు. కారణం లేనిదే ఆ మాట చెల్లదు. మన పెద్దనాయన సంఘపెద్దగా ఉన్నన్ని రోజులూ ఇదే చెప్పేవాడు. ఆ పిల్ల అక్కడ కూర్చోవద్దంది. ఎందుకో నువ్వు అడిగావా, లేక నీకు తోచిందే దాని కారణం అనుకున్నావా? నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అడిగినట్టు ఎక్కడా లేదు.

అడుగు. అడిగాక నీ ఇష్టం. నూనె రాసుకుంటూనే ఉన్నాను, ఏం తగ్గలేదు.

నీ అక్క,
కరుణమ్మ


చేవెళ్ల,
సోమవారం

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. కుదురుగా రాస్తాను, ఓపికగా చదువు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మర్నాడు రెండో శనివారం, బడి సెలవు. జయరాజ్ గారికి ఫోను చేసి, అనూహ్యను నేనొక్కదాన్నే బాగే ఆంకు తీసుకుపోతాను, పంపిస్తారా అన్నాను. "అది మిమ్మల్ని గట్ల అన్నంక కూడానా మేడమ్?" అన్నారు. అందుకే అన్నాను. పొద్దున్నే పిల్లను తెచ్చి బస్టాండులో నాకు అప్పగించి పోయారు. ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా, ఇద్దరం సున్నా రూపాయల చీటీలు పట్టుకుని మెహదీపట్నం దాకా, అక్కడి నుంచి ఇంకో బస్సులో నాంపల్లికి వెళ్ళాం. కిటికీ పక్క సీటు ఇచ్చాను. దారి పొడుగునా బయటికే చూసింది. చెయ్యి మాత్రం నా సంచీ పట్టీ మీద ఉంచింది, బస్సు కుదుపులకో ఎందుకో.

శనివారం పొద్దున బాగే ఆం ఇంకో రకంగా ఉంటుంది. మాలీలు ఆకులు ఊడ్చి కుప్పలు పెడుతున్నారు, మంచు ఇంకా గడ్డి మీదే ఉంది, నడకకు వచ్చిన పెద్దమనుషులు చేతులు ఊపుకుంటూ తిరుగుతున్నారు. ఒక చుట్టు తిరిగాం. రెండో చుట్టులో నేనే ఆగాను. హాస్టల్లో పిల్లల్ని నిలదీసినట్టు కాకుండా అడగాలని బస్సులో ఎన్నో మాటలు అనుకున్నాను, తీరా నోట్లోంచి వచ్చింది వార్డెన్ గొంతే. "అనూహ్యా, నువ్వు మొన్న అభ్యంతరం చెప్పావు. చెప్పొచ్చు, తప్పు లేదు. కానీ అభ్యంతరం చెప్పినవాళ్ళు కారణం కూడా చెప్పాలి. నువ్వేం చెప్పినా నేను కోప్పడను."

అది నా మొహంలోకి చూసింది. "నేనేం అభ్యంతరం చెప్పిన?"

"కొలను మెట్టు మీద నన్ను కూర్చోవద్దన్నావు కదా."

"అవును. ఆడ మీరు కూసోవద్దు" అంది మళ్ళీ. "అది అమ్మ జాగ. ఆడ మీరు కూసుంటే అమ్మ ఉన్నట్టు ఉండదు, మీరు ఉన్నట్టు ఉండదు."

అదే చెప్పుకుపోయింది. ఇన్నాళ్ళ నుంచి ఎవరైనా అడిగితే చెప్పాలని దాచుకున్నట్టు చెప్పింది. "నాయనకు తెల్వదు. ఏడికి పోయినా అమ్మ కూసున్న కాడికే తీస్కపోతడు. గండిపేటల బెంచి కాడ మీ మొకం ఎట్లనో అయింది. నేను చూసిన. గందుకే చీమలున్నయని చెప్పిన. ఆ చింతచెట్టు కింద మీకు మంచిగుంటదని చూపెట్టిన, మీరేమో కోపం జేసి మెట్ల మీదికి పోయిండ్రు. ఈడ గూడ మీకు వేరే జాగ దేవులాడుతనే ఉన్న. నాయన ఆగనిస్తేనా."

అక్కా, ఆ చెట్టు వైపు చెయ్యి చూపించినప్పుడు నన్ను పొమ్మంటోంది అనుకున్నాను. నూరు మంది పిల్లల్ని సాకిన దాన్నని ఎంత గర్వపడ్డాను. ఒక్క పిల్ల చెయ్యి ఎటు చూపిస్తోందో చూశాను కానీ ఎందుకు చూపిస్తోందో అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. దారి మధ్యలో, నడకవాళ్ళు తప్పుకుని పోతుండగా ఏడ్చాను. అనూహ్య కంగారు పడింది. "కోప్పడనన్నరు గద, ఏడువనని చెప్పలే" అంది.

"కనబడిందా మరి, ఆ జాగ?" అని అడిగాను.

"మూడున్నయి" అంది. ఒక్కొక్కటీ చూపించింది. మొదటి దాంట్లో ఒక కుక్క తన పిల్లలతో పడుకుని ఉంది, మమ్మల్ని చూసి గుర్రుమంది. రెండో బెంచీ మీద ఎవరో మొహం మీద టోపీ పెట్టుకుని నిద్రపోతున్నాడు. మూడోది ఒక పాత గోడ పక్కన. ముందు తామరలూ లేవు, తెల్ల కట్టడాలూ లేవు, మాలీలు చుట్టి పెట్టిన నీళ్ళ పైపులు, ఒక తోపుడు బండి, అంతే. "ఈడ ఎండ రాదు. పక్కన నల్ల గూడ ఉన్నది, మీరు మాటిమాటికి చేతులు కడుక్కోమంటరు గద" అంది. చేతులు కడుక్కుని ఇద్దరం అక్కడ కూర్చున్నాం. ఈసారి నేను పులిహోర తేలేదు, నాకు చేతనైన చపాతీలు, టమాటా తొక్కు తెచ్చాను. "ఇది పులిహోర కంటే మంచిగున్నది" అని, కాసేపాగి "నాయనతోని చెప్పకుండ్రి" అంది.

తిన్నాక స్వరూప గురించి నేనే అడిగాను. ఆమె చాలా నవ్వేదట. తామరపూలు లెక్కపెట్టేదట, ప్రతిసారీ లెక్క తప్పేదట, అయినా ఒప్పుకునేది కాదట. చెప్తూ చెప్తూ అనూహ్య లేచి, "మీరు ఈడ్నే ఉండండి, నేను పోయి అమ్మ కాడ జర కూసోని వస్త" అంది. పక్కకు తిరిగి చూస్తే కొలను మెట్లు అక్కడి నుంచి దూరంగా కనబడతాయి. ఆ మెట్టు మీద ఒక పక్కకు ఒదిగి, ఇంకో మనిషికి చోటు వదిలినట్టు కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళలేదు. దాని చెప్పులు, నీళ్ళ సీసా నా దగ్గర పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చింది. నీళ్ళ సీసా అందించాను.

సాయంత్రం బస్టాండుకు జయరాజ్ గారు వచ్చారు. పిల్ల ట్రాలీ ఎక్కాక ఆయనను పక్కకు పిలిచి, రెండు వారాలుగా మింగుకున్నది చెప్పేశాను. నన్ను ఇంకెప్పుడూ స్వరూప కూర్చున్న చోట కూర్చోబెట్టకండి, ఆమె కట్టిన రంగు కట్టమనకండి, ఆమె చోటు ఆమెకే ఉండనీయండి అన్నాను. గొంతు కొంచెం పెరిగిందేమో కూడా. ఆయన ట్రాలీ తలుపు మీద చెయ్యి పెట్టుకుని అంతా విన్నారు.

"నాకు పట్నంల మార్కెట్ తోవ ఒక్కటే తెల్సు మేడమ్" అన్నారు. "చీకట్ల పోత, పూలు దించి వస్త. మిగిలినయన్ని ఆమె చూపెట్టినయే. మిమ్మల్ని మంచి జాగకు తీస్కపోవాలె అనుకున్న. నాకు తెల్సిన మంచి జాగలు గవ్వే." తర్వాత తల వంచుకుని, "నన్ను అడగకుండ మీరే తీస్కపోండి ఇగ. నేను ఎనకొస్త" అన్నారు.

ఆయన మీద నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఇంత పెద్ద మనిషి, తెలియదని ఒప్పుకోవడం నేను చాలా కొద్దిమందిలో చూశాను. నాకు ఆయన నచ్చారు అక్కా. ఇంతవరకూ ఒప్పుకున్నాను కానీ, నచ్చడం అప్పుడే. పాస్టరయ్య ఇంటికి నేను వెళ్ళలేదు.

ఇక నిన్నటి సంగతి. మూడో ప్రకటన. మామ కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. పాస్టరయ్య ఎప్పటిలాగే చదివారు. భార్య గతించిన, అవివాహిత అయిన, అన్నీ అయ్యాయి. ఎవరికైనను అభ్యంతరము ఉన్నయెడల తెలియజేయవలెను అని ఆగారు. మగవాళ్ళ వైపు నుంచి ఒక చెయ్యి లేచింది. అనూహ్య చెయ్యి.

చర్చి అంతా ఒక్కసారిగా అటు తిరిగింది. శనివారం అంతా బాగున్నట్టే ఉంది కదా, రాత్రికి రాత్రి మనసు మార్చుకుందా, ఇప్పుడు కారణం అందరి ముందూ చెప్తుందా అనుకున్నాను. జయరాజ్ గారు పిల్ల చెయ్యి కిందికి లాగబోతే స్వామిదాసు మామ ఆపాడు.

"ఏం బిడ్డా, అభ్యంతరం ఉన్నదా?" అన్నారు పాస్టరయ్య, మైకు కొంచెం పక్కకు జరిపి.

అనూహ్య లేచి నిలబడింది. "లేదయ్యగారూ. లేదని చెప్తున్న. గట్ల చెప్పొచ్చా?"

పాస్టరయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇన్నేండ్ల సంది చదువుతున్న, లేదని లేచి ఎవ్వరు చెప్పలే" అన్నారు. "చెప్పొచ్చు. చెప్పినవ్ గద. కూసో బిడ్డా." ఆ గాభరాలో ఇది మూడవ ప్రకటన అని చదవడం మరిచిపోయి కీర్తన అందుకోబోతే, సంఘపెద్దలు గుర్తు చేశారు. నేను తలెత్తలేదు. హాస్టల్ పిల్లలందరూ వెనక్కి తిరిగి చూస్తుంటే సిగ్గు లేకుండా ఏడ్చాను.

పెళ్ళి ఈ నెలాఖరు గురువారం. నువ్వు ముందు రోజే వచ్చేయ్.

నీ
కృప